38 వేల ఫైళ్లు, ఒక బిస్కెట్ డబ్బా

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని విషయం ఇది.

ఆమెకు 31 ఏళ్లు. సొంతూరు సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే వీధి వీధంతా మేడలెక్కే ఊరు. నాన్నగారికి అక్కడ చిన్న ఫొటో స్టూడియో ఉండేది. మేడ మీంచి ఆయన తీసిన రాకెట్ల నెగెటివ్‌లు ఇప్పటికీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయని మాటల మధ్యలో ఒక వాక్యం రాశారు. ఆమె ఫైన్ ఆర్ట్స్ చదివి, ఏడేళ్లుగా ఒక చిన్న డిజైన్ స్టూడియోలో పనిచేస్తున్నారు. పోస్టర్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, కాలేజీ టెక్ ఫెస్ట్ బ్యానర్లు, ఒకటి రెండు సినిమా టైటిళ్లు చేశారు. ఈ ఏడేళ్లలో రాత్రిళ్లు కూర్చుని సైన్స్ ఫిక్షన్ డిజైన్లకు పనికొచ్చే మెటీరియల్ పోగేశారు. గ్రహాలు, నక్షత్రాల బ్యాక్‌గ్రౌండ్లు, తుప్పు పట్టిన లోహపు టెక్స్చర్లు, కంట్రోల్ ప్యానెళ్లు, రోబోల విడిభాగాలు, ఫాంట్లు, బ్రష్‌లు. రెండు హార్డ్ డిస్కుల్లో కలిపి 38 వేల ఫైళ్లు. వీటిని ఒక పద్ధతైన లైబ్రరీగా మార్చి డిజైనర్లకు అమ్మాలని, కుదిరితే ఉద్యోగం మానేయాలని ఆమె కోరిక.

కానీ గత ఏడాది ఒక కాలేజీ పోస్టర్‌లో ఆమె వాడిన గ్రహం బొమ్మ వేరే కళాకారుడిదని నోటీసు వచ్చింది. స్టూడియో కట్టిన డబ్బులో 40 వేలు ఆమె జీతంలోంచి కోశారు. అప్పటి నుంచి ఏ ఫైలు తెరిచినా టెన్షన్. మెటీరియల్‌లో మూడో వంతు పోగేసిన స్నేహితుడేమో అన్నీ కలిపి ఒక బండిల్‌గా అమ్మేద్దామని, అందరూ చేస్తున్నదే అని తొందరపెడుతున్నాడు. ఆమె వెనకాడుతుంటే మాటలు తగ్గించాడు. సంగతి తెలిసిన స్టూడియో యజమాని, మా దగ్గర పనిచేస్తూ చేసినవన్నీ మావే అన్నారు. లేని వాటిని ఏఐతో నింపుకోవచ్చా అని కూడా ఆమె అడిగారు. చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. సొంతంగా ఒక్క బొమ్మ గీసి 14 నెలలైందట. 'తీసేయడానికి చెయ్యి రావడం లేదు. ఉంచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?' అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

ముందు ఆ 40 వేల సంగతి. దొంగతనం చేసి దొరికిపోయినట్టు రాశారు మీరు. మీరు దొంగ కాదు. నాలుగేళ్ల కిందట ఏదో అర్ధరాత్రి ఒక బొమ్మ నచ్చి దాచుకున్నారు. దానికి 'ప్లానెట్ ఫైనల్ 3' అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడి నుంచి తెచ్చారో రాసుకోలేదు. పోస్టర్ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, వాడేశారు. మీ దగ్గర బొమ్మ ఉంది, దాని పుట్టుపూర్వోత్తరాలు లేవు. మీరు చెప్పిన చిక్కులన్నీ ఈ ఒక్క చోటే ముడిపడి ఉన్నాయి. ఏ ఫైలు ఎవరిదో రాసి లేదు కాబట్టే స్నేహితుడు మనదే అంటున్నాడు, యజమాని మాదే అంటున్నారు, మీకేమో అన్నీ పరాయివిలా కనిపిస్తున్నాయి.

నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రెస్సుల్లో, పత్రికల్లో పేజీలు కట్టినదాన్ని. ఒక పత్రికలో సైన్స్ పేజీ కోసం శనిగ్రహం బొమ్మను ఎక్కడినుంచో తెచ్చి, కింద పేరు కూడా లేకుండా వేశాం. అది ఒక చిత్రకారుడు నెలల తరబడి చేతితో వేసినదట. ఆయన డబ్బు అడగలేదు. 'నా పేరు వేసి ఉంటే మా అమ్మకు చూపించుకునేవాణ్ణి' అని కార్డు రాశాడు. ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడితే కారణం అదీ.

మీరు ఒక్క తేడా పట్టుకోవాలి. ఒక బొమ్మను వాడుకునే హక్కు వేరు, దాన్ని ఇంకొకరికి పంచే హక్కు వేరు. డబ్బు కట్టి కొన్న స్టాక్ బొమ్మనైనా (నెట్‌లో రెడీమేడ్‌గా అమ్మేది) సరే, మీ పోస్టర్‌లో కలుపుకోవచ్చు. అదే బొమ్మను విడి ఫైలుగా మీ లైబ్రరీలో పెట్టి అమ్మడానికి దాదాపు ఏ స్టాక్ సంస్థా ఒప్పుకోదు. ఉచితంగా ఇచ్చే చోట్ల కూడా ఇదే పద్ధతి. అన్‌స్ప్లాష్ అనే ఉచిత ఫొటోల సైట్‌లోని ఫొటోలు 2017 జూన్ దాకా సీసీ జీరో కింద, అంటే ఏ షరతూ లేకుండా వచ్చేవి. ఆ తర్వాత వాళ్లు సొంత లైసెన్స్ పెట్టారు. పెద్దగా మార్పు చేయకుండా ఆ ఫొటోలను అమ్మకూడదు, వాటిని పోగుచేసి అలాంటి సేవే ఇంకొకటి నడపకూడదు అని అందులో ఉంది. చూడండి, ఒకే చోట దొరికిన రెండు ఫొటోలకు, డౌన్‌లోడ్ చేసిన తేదీని బట్టి రెండు వేరువేరు నియమాలు ఉండొచ్చు. అందుకే తేదీ రాసుకోమనేది, ఆ రోజున్న షరతుల పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోమనేది. క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్‌ల్లో 'నాన్ కమర్షియల్' అని ఉంటే క్లయింట్ పనికి ముట్టుకోకూడదు. 'షేర్ అలైక్' అని ఉంటే దాన్ని మార్చి చేసినదాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. పింటరెస్ట్‌లో దాచుకున్నవాటికి అసలు లైసెన్సే లేదు. అది అద్దం లాంటిది, వస్తువు ఇంకెక్కడో ఉంటుంది.

ఇప్పుడు మీ స్నేహితుడు చెప్పిన దారి తీసుకుందాం. ఉన్నది ఉన్నట్టు బండిల్ చేసి అమ్మితే మొదటి నెలలో కొంత డబ్బు రావొచ్చు, కాదనను. కానీ ఒక్క అసలు కళాకారుడు తన బొమ్మ గుర్తుపట్టి ఫిర్యాదు చేస్తే అమ్మకాల ఖాతా మూసేస్తారు, అందులో ఆగిన డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. మన కాపీరైట్ చట్టం, 1957లోని 63వ సెక్షన్ ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘన నేరం కూడా. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఒకసారి నోటీసు అందుకున్న మీరు 'నాకు తెలియదు' అనడానికి ఇక వీల్లేదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మీ దగ్గర కొనేది మీలాంటి ఇంకో డిజైనరే. మీ ఫైలు నమ్మి వాడుకున్న పిల్లో పిల్లాడో, మీరు కట్టినట్టే ఇంకో 40 వేలు కడతారు.

మరి ఆ 38 వేలు ఏం చేయాలి? ఒక్కొక్కటి తీసి చూడొద్దు. ఫైలుకు ఒక్క నిమిషం పెట్టుకున్నా 633 గంటలు. రోజూ రెండు గంటలు కూర్చుంటే పదిన్నర నెలలు. మధ్యలోనే విసుగొచ్చి మళ్లీ మొదటికొస్తారు. తీసేయొద్దు కూడా. చెయ్యి రావడం లేదన్నారుగా, అవసరం లేదు. రెండు డిస్కులకూ 'చూడటానికి మాత్రమే' అని స్టిక్కర్ అంటించి పక్కన పెట్టండి. అవి మీ కంటికి మేత. రంగు ఎలా వేశారు, వెలుగు ఎటునుంచి పడింది, ప్యానెళ్లు ఎలా విభజించారు అని నేర్చుకోవడానికి ఉంచుకోండి. ఫాంట్లూ బ్రష్‌లూ ఉన్న ఫోల్డర్లు మాత్రం ఇందులోకి రావు. కొనకుండా కాపీ చేసుకున్న ఫాంటు కంప్యూటర్‌లో ఉంటే చాలు, ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి అటే పోతుంది. వాటిని మాత్రం తీసేయండి.

తర్వాత ఒక ఖాళీ ఫోల్డర్ తెరవండి. అసలు లైబ్రరీ ఇది. ఇందులోకి ఒక ఫైలు రావాలంటే దాని వెంట నాలుగు సంగతులు రావాలి: ఎవరు చేశారు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్స్, ఏ తేదీన. ఒక ఎక్సెల్ షీటు చాలు. ఇంకో గడి పెట్టి అందులో ఏ పనికి వాడారో రాసుకోండి. రేపు నోటీసు వస్తే ఐదు నిమిషాల్లో జవాబు ఇవ్వగలరు. ఫైళ్లు సర్దుకునే అడోబ్ బ్రిడ్జ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే వస్తుంది. అందులో కీవర్డ్లూ, చేసినవారి పేరూ ఫైలులోపలే రాసి పెట్టొచ్చు, ఫైలు ఎక్కడికి పోయినా అవి వెంటే పోతాయి. కాపీలు మూడు ఉంచుకోండి, అందులో ఒకటి ఇంకో ఇంట్లోనో క్లౌడ్‌లోనో.

మొదట్లో ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంటుందని భయపడకండి. సైన్స్ ఫిక్షన్ డిజైనర్లకు ఉన్న అదృష్టం ఇంకెవరికీ లేదు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధిలో భాగంగా చేసిన పనులకు ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. అందుకే నాసా తీసిన ఫొటోల్లో అత్యధికం ఎవరైనా వాడుకోవచ్చు. అయితే నాసా చిహ్నాలకు ఇది వర్తించదు. వ్యోమగాముల ముఖాలతో వ్యాపార ప్రచారం చేయకూడదు. నాసా మిమ్మల్ని ఆమోదించినట్టు అనిపించకూడదు. వాళ్ల సైట్‌లోనే వేరే సంస్థల ఫొటోలూ ఉంటాయి, కింద రాసిన పేరు చదవాలి. హబుల్ చిత్రాల్లో యూరప్ అంతరిక్ష సంస్థ పెట్టినవి, చిలీలోని టెలిస్కోపులతో ఈఎస్‌ఓ అనే యూరప్ ఖగోళ పరిశోధన సంస్థ తీసినవి సాధారణంగా పేరు చెప్పి వాడుకునే లైసెన్స్‌తో వస్తాయి. మనవాళ్లు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. నాసావి ఉచితం కాబట్టి ఇస్రోవీ ఉచితమే అనుకుంటారు. మన చట్టం అలా లేదు. భారత ప్రభుత్వ కృతులకు ప్రచురించిన తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. చంద్రయాన్ ఫొటో మనసుకెంత దగ్గరైనా, ఇస్రో సైట్‌లో షరతులు చదివి, అనుమతి అడిగి తీసుకోవాలి.

పాత పత్రికల బొమ్మలంటే మీకు మోజు అని రాశారు. అక్కడా ఒక లెక్క ఉంది. 'అమేజింగ్ స్టోరీస్' అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక 1926 ఏప్రిల్‌లో మొదలైంది. అమెరికాలో 95 ఏళ్ల లెక్కన ఆ మొదటి సంచిక 2022 జనవరి 1 నుంచి అందరిదీ అయింది. కానీ మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు లెక్కపెడతారు. దానికి ముఖచిత్రాలు వేసిన ఫ్రాంక్ ఆర్. పాల్ 1963లో పోయారు. అంటే మన లెక్కలో ఆయన బొమ్మలు 2024 జనవరి నుంచి మాత్రమే స్వేచ్ఛగా వాడుకోదగ్గవి. ఇక్కడ దొరికింది అక్కడ చెల్లకపోవచ్చు, అక్కడిది ఇక్కడ చెల్లకపోవచ్చు. అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు కాబట్టి రెండు లెక్కల్లోనూ గట్టెక్కినవే తీసుకోండి. ఇదే లెక్క మనింటి బొమ్మలకూ పట్టించండి. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు. ఆయన బొమ్మలు 2052 చివరిదాకా కాపీరైట్‌లో ఉంటాయి. నెట్‌లో ఎన్ని చోట్ల కనిపించినా సరే.

ఏఐ గురించి ఎక్కువ చెప్పను. కొత్త ఆలోచనలు పుట్టించుకోవడానికి వాడుకుంటే అది మీ ఇష్టం. అమ్మే లైబ్రరీకి మాత్రం రెండు ఇబ్బందులు. మనిషి చెయ్యి లేకుండా యంత్రమే చేసిన బొమ్మకు కాపీరైట్ ఇవ్వబోమని అమెరికా కాపీరైట్ కార్యాలయం చెప్పింది, 2025 మార్చిలో అక్కడి అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. అంటే మీరు అమ్మినదాన్ని ఇంకొకరు కాపీ చేస్తే అడగడానికి మీకు చోటుండకపోవచ్చు. పైగా ఏ ఫైలు ఎవరిది అనే బెంగతోనే మీకు నిద్ర పట్టడం లేదు. ఎవరి బొమ్మలు నేర్చుకుని చేసిందో తెలియని ఫైళ్లు ఇంకో వెయ్యి చేర్చుకుంటే ఆ బెంగ తగ్గుతుందా?

ఇక నాకు చాలా ఇష్టమైన భాగానికొస్తాను. 'సైన్స్ ఫిక్షన్ థీమ్' అని రాశారు. అమ్మా, అది థీమ్ కాదు, ఒక బజారు. అందులో 1950ల నాటి మెరిసే రాకెట్ల వీధి ఉంది, నియాన్ వెలుగుల నగరాల వీధి ఉంది, నూనె కారుతూ పాతబడిన ఓడల వీధి ఉంది, చెట్లూ సౌరఫలకాలూ కలిసిపోయిన వీధి ఉంది. మీ 38 వేల ఫైళ్లలో ఇవన్నీ కలిసిపోయాయి. అందుకే అన్ని ఉన్నా పని మొదలుపెట్టగానే ఒకదానికొకటి అతకడం లేదని మీరే రాశారు. థీమ్ అంటే ఒక లోకం, దానికి కొన్ని నియమాలు. ఈ లోకంలో లోహం తుప్పు పడుతుందా లేదా, మూలలు గుండ్రమా కోసినట్టా, గీత మందం ఎంత, రంగులు ఏ ఐదు, అక్షరం ఏది.

1970లలో సినిమాలకు అంతరిక్ష ఓడల నమూనాలు చేసినవాళ్లు దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ ట్యాంకుల కిట్‌లు కొని, ఆ చిన్న ముక్కల్ని ఓడ పైభాగమంతా అంటించేవారు. ముక్కలు ఎక్కడివో అయినా మొత్తానికి ఒకే రంగు, ఒకే మరక వేశాక అది ఒక్క ఓడ అయ్యేది. 1979లో వచ్చిన ఒక హాలీవుడ్ అంతరిక్ష చిత్రానికి రాన్ కాబ్ అనే డిజైనర్ ఓడలోపల తలుపుల పక్కన ఉండే గుర్తులు తయారుచేశారు. ఇక్కడ గురుత్వాకర్షణ లేదు, ఇక్కడ గాలి పీడనం ఉంది, ఇక్కడ కాఫీ దొరుకుతుంది లాంటివి. అన్నీ మూలలు గుండ్రంగా ఉన్న చతురస్రాలే, కొద్ది రంగులే. ప్రేక్షకుడికి ఒక్కొక్కటి చదివే తీరిక ఉండదు, కానీ ఆ ఓడ నిజమని నమ్మాడు. 1975లో రిచర్డ్ డాన్, బ్రూస్ బ్లాక్‌బర్న్ నాసాకు కొత్త అక్షర చిహ్నం చేసినప్పుడు, దానితోపాటు ట్రక్కు తలుపు మీద, ఫారం మీద, ఓడ మీద ఎక్కడ ఎంత ఉండాలో చెప్పే నియమాల పుస్తకం కూడా ఇచ్చారు. 1992లో పక్కన పెట్టిన ఆ చిహ్నం 2020లో మళ్లీ రాకెట్ ఎక్కింది. చిహ్నాన్ని మీరు వాడలేరు. ఆ పుస్తకం రాసిన పద్ధతిని మాత్రం నేర్చుకోవచ్చు. అలాంటిదే మీ లోకానికి పది పేజీలు రాయండి, ఒక్క అసెట్ (డిజైన్‌లో వాడుకునే విడి ముక్క) చేయకముందే.

మీ లోకం ఏదో నేను చెప్పకూడదు గానీ, ఉత్తరంలో నాకు కనిపించింది చెబుతాను. 38 వేల ఫైళ్ల గురించి ఆరు పేజీలు రాశారు, వాటిలో ఒక్కదాన్నీ వర్ణించలేదు. సూళ్లూరుపేట గురించి అర పేజీ రాశారు. పులికాట్ ఉప్పుగాలికి గేటు ఊచలు ఎలా పొరలు పొరలుగా లేస్తాయో, రాకెట్ లేచిన కాసేపటికి గానీ కిటికీలు ఎందుకు అదరవో, తెలుగూ తమిళమూ కలిసిన బోర్డులు ఎలా ఉంటాయో, నేలపట్టు కొంగలు శబ్దానికి ఎటు లేస్తాయో అందులో రాశారు. వందేళ్ల తర్వాత ఆ ఊరు ఎలా ఉంటుంది? రోజుకు పది రాకెట్లు లేచే ఊళ్లో టీ కొట్టు బోర్డు మీద ఏముంటుంది? బస్టాండులో చంద్రుడికి వెళ్లే వాళ్లు ఏ వరుసలో నిలబడాలి? చేపల పడవ మీద ఏ హెచ్చరిక అంటిస్తారు? ఆ స్టిక్కర్లు, టికెట్లు, బోర్డులు, తుప్పు టెక్స్చర్లు, గుర్తులు ఒక అరవై చేసి ఒక ప్యాక్‌గా కడితే చాలు. ఇలాంటిది ఇంకెవరి దగ్గరా దొరకదు, మీ దగ్గరే కొనాలి.

అందులో తెలుగు అక్షరం ఉండాలని నా కోరిక. సైన్స్ ఫిక్షన్ అనగానే అందరూ 1962లో ఇటలీలో పుట్టిన యూరోస్టైల్ లాంటి వెడల్పాటి చతురస్రపు అక్షరాల వైపే పరుగెడతారు. తెలుగు అక్షరాన్ని కూడా ఆ చట్రంలోకి కుక్కుతారు, అది ఊపిరాడనట్టు కనిపిస్తుంది. మన అక్షరం గుండ్రం. గ్రహాలూ, కక్ష్యలూ, రాడార్ వలయాలూ గుండ్రమే. తలకట్టును ఒక సూచిక ముల్లులా ఆడించి చూడండి, మీకే తెలుస్తుంది. అనెక్ తెలుగు ఫాంటులో వెడల్పునూ మందాన్నీ మనకు కావాల్సినంత మార్చుకోవచ్చు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి ఉన్నాయి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చాయి. ఫాంటును విడిగా అమ్మకూడదు, మీ ప్యాక్‌తో కలిపి లైసెన్స్ కాగితం జతచేసి ఇవ్వొచ్చు. డీటీపీ సెంటర్లలో పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే ఫాంట్లకు ఆ వీలు లేదు.

ఒక చిన్న హెచ్చరిక. నియాన్ నీలం, నియాన్ గులాబీ తెర మీద వెలుగుతాయి, ప్రింటుకు వెళ్తే చచ్చిపోతాయి. టెక్ ఫెస్ట్ ఫ్లెక్స్‌ల మీద చూసే ఉంటారు. ప్రతి రంగుకూ ప్రింటు జత ముందే నిర్ణయించి ప్యాక్‌లో పెడితే కొన్నవాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు మీ యజమాని. ఆయన మాటలో సగం నిజం ఉంది. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. కాబట్టి స్టూడియో క్లయింట్ల కోసం మీరు చేసిన రోబో అయినా, బ్యాక్‌గ్రౌండ్ అయినా మీ చేతిదే కావొచ్చు, మీది కాదు. దాన్ని కొత్త ఫోల్డర్‌లోకి తేవొద్దు. ఇంట్లో, సొంత ల్యాప్‌టాప్‌లో, ఆ ఉద్యోగంతో సంబంధం లేకుండా చేసినది మామూలుగా మీది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరేలా ఉంటే తప్ప. అది ముందు తీసి చదవండి. అర్థం కాని వాక్యం ఉంటే ఒక లాయర్‌కు చూపించండి. ఆఫీసు సబ్‌స్క్రిప్షన్‌తో సొంత పని చేయొద్దు. ఇంక్‌స్కేప్, క్రిటా, బ్లెండర్ లాంటి బొమ్మల సాఫ్ట్‌వేర్లు ఉచితం, వాటితో చేసినవి అమ్ముకోవచ్చు.

ఆయనతో మాట్లాడటానికి మీకు రెండు మూడు దారులున్నాయి. ఏమీ చెప్పకుండా ఇంట్లో చేసుకుపోవచ్చు. అలా చేస్తే అమ్మకాలు మొదలైన రోజున మళ్లీ ఇదే గొడవ ఇంకాస్త పెద్దదై వస్తుంది, ఏ తేదీన ఏది గీశారో మీరు నిరూపించుకోవాలి. లేదా ఇప్పుడే వెళ్లి, ఇంట్లో చేసే ఈ ప్యాక్‌కు స్టూడియోతో సంబంధం లేదని ఒక కాగితం అడగొచ్చు. ఆయన ఇవ్వకపోవచ్చు, ఉద్యోగం దగ్గర ముఖం మాడ్చుకోవచ్చు, అది భరించడానికి సిద్ధపడి వెళ్లాలి. మూడోది, ప్యాక్‌ను స్టూడియో పేరు మీదే చేసి వాటా తీసుకోవడం. జీతం ఆగదు, నోటీసు వస్తే ఒంటరిగా ఉండరు, కానీ లోకం వాళ్లది అవుతుంది. ఇందులో ఏదైనా కాగితం మీద ఉండాలి. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదు. గడువు రాయకపోతే ఐదేళ్లకనే అనుకుంటారు. సంతకం పెట్టేముందు గడువు, ప్రాంతం అని రాసిన చోట వేలు పెట్టి చదవండి.

ఉద్యోగం మానేసే మాట ఇప్పుడే వద్దంటాను. సాయంత్రాలు కూర్చుని అరవై అసెట్లు చేయడానికి ఎనిమిది నెలలైనా పడుతుంది. ఆ తర్వాత కూడా మొదటి ఏడాది ఇంటి అద్దెకు సరిపడా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అడోబ్ స్టాక్ లాంటి బొమ్మలు అమ్మే సైట్‌లో బొమ్మ మీద వచ్చినదాంట్లో 33 శాతం చేసినవారికి ఇస్తారు. సొంతంగా అమ్ముకుంటే ఎక్కువ మిగులుతుంది, కానీ కొనేవాళ్లను మీరే వెతుక్కోవాలి. అసలు అమ్మకపోయినా తప్పులేదు. ఆ లైబ్రరీ మీ పనికే ఉంచుకుంటే రిస్క్ దాదాపు ఉండదు, పని వేగం పెరుగుతుంది, మీ పోస్టర్ దూరం నుంచి చూసి ఇది ఫలానా ఆమె చేసిందని గుర్తుపడతారు. దానివల్ల మంచి క్లయింట్లు వస్తే అదీ సంపాదనే.

మీ స్నేహితుడి సంగతి మీరు అనుకున్నంత కష్టం కాదేమో. ఆ అబ్బాయికి మీమీద కోపం కంటే భయం ఎక్కువ ఉందనిపిస్తోంది. ఏడేళ్ల రాత్రుళ్లు వృథా అవుతాయని. ఎదురుగా కూర్చోబెట్టుకుని, వద్దు అని కాకుండా, 'పాతవి అమ్మను, కొత్త లోకం కలిసి చేద్దామా, నువ్వేం గీస్తావు?' అని అడగండి. త్రీడీ మోడళ్లు బాగా చేస్తాడన్నారు, రేపటి చేపల పడవ అతనికే అప్పగించండి. ఒప్పుకుంటే ఎవరు ఏది చేశారు, వాటా ఎంత, విడిపోతే ఎవరి ముక్కలు ఎవరివి అని రెండు పేజీలు రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ఒప్పుకోకుండా తన మూడో వంతు తాను అమ్ముకుంటానంటే, మీ పేరు ఎక్కడా ఉండకూడదని మెసేజ్‌లో రాసి పెట్టండి. స్నేహం కొంత దెబ్బతింటుంది. నోటీసు వచ్చాక అయితే మొత్తం పోతుంది.

14 నెలలుగా గీయలేదన్న మాటను చిన్న అక్షరాలతో ఎందుకు రాశారో నాకు అర్థమైంది. ఎవరో చేసిన 38 వేల మంచి బొమ్మలు రోజూ చూస్తుంటే మన మొదటి గీత మనకే వంకరగా కనిపిస్తుంది. అందుకే కొత్త ఫోల్డర్‌లోకి మొదట నాసా ఫొటోలు తేవొద్దు. మీ నాన్నగారి నెగెటివ్‌లు తెండి. శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ 1971 అక్టోబర్ 9న లేచింది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ, 1994 అక్టోబర్‌లో పీఎస్‌ఎల్‌వీ విజయవంతంగా ఎగిరాయి. వీటిలో ఏవి ఆ డబ్బాలో ఉన్నాయో ఆయన్నే అడగండి. ఆయన కెమెరా, ఆయన మేడ, ఆయన హక్కు. ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అన్న గడులన్నీ ఆయనే నింపగలరు. వాడుకునే హక్కు మీకిస్తున్నట్టు ఆయన చేత ఒక కాగితం రాయించుకోండి. సొంత నాన్నే కదా అని వదిలేయొద్దు, అన్నదమ్ములున్నారని మీరే రాశారు. 35 ఎంఎం నెగెటివ్‌ను 2400 డీపీఐలో స్కాన్ చేస్తే పొడవున దాదాపు 3400 పిక్సెళ్లు వస్తాయి, టెక్స్చర్‌కు, ఆకాశానికి అది చాలు. ఆ పొగ చార మీద మీ మొదటి గుర్తు గీయండి.

పండక్కి ఊరెళ్లేదాకా ఆగొద్దు. ఇవాళే ఫోన్ చేసి, ఆ డబ్బాను వంటగది అటక మీంచి దించి ఆరిన చోట పెట్టమనండి. మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ, నెగెటివ్‌లు ఒకదానికొకటి అంటుకుంటే విడదీయడం కష్టం. అంటుకుని ఉంటే చేత్తో లాగొద్దని చెప్పండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేయించండి.